బండ, రేకు, కుండ: పదార్థములు వేడిని గ్రహించి నిలుపుకొను విధము

మార్చి నెల కడపట ఒకనాటి మధ్యాహ్నము, పాఠము ముగిసిన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నా యొద్దకు వచ్చి యిట్లడిగెను: “అయ్యవారూ, మా బండమిద్దె పగలు చల్లగుంటాది, రాత్రి సెగ కొడతాది. మా పెదనాయన వాళ్ల రేకులిల్లు పగలు కాలిపోతాది, రాత్రి బిరీన చల్లబడతాది. ఎండ రెండిటికీ ఒకటే కదా, ఎందుకట్లా?”

ఆ ప్రశ్న నన్ను సంతోషపెట్టినది. కొంత సిగ్గుపడునట్లును చేసినది. ఏలన, ఆ బాలిక అంతకు పూర్వమే ‘విశిష్టోష్ణము’ యొక్క నిర్వచనమును తప్పులేక అప్పజెప్పి మార్కులు పొందినది. కాని ఆ నిర్వచనమునకును తన ఇంటి కప్పునకును సంబంధము కలదని ఆమెకు తోచలేదు. తోచునట్లు మేమును బోధింపలేదు. పాఠము పుస్తకమునందును, ప్రశ్న ఇంటియందును వేఱువేఱుగా నుండిపోయినవి. ఈ రెండింటిని కలుపుటకు ఉపాధ్యాయులమైన మా ప్రయత్న మొక్కటియే చాలదు. ఇంటిలో మిద్దె, కుండ, పొయ్యి, కంబళి మీ చేతిలో నున్నవి. కావున ఈ సంవత్సరపు సంచికలో పిల్లల కొఱకు గాక, తల్లిదండ్రులగు మీ కొఱకే ఈ పాఠమును వ్రాయుచున్నాను. ఇందులో చెప్పిన పరీక్షలకు ఖరీదైన పరికరములు అక్కఱలేదు. ఒక ఉష్ణమాపకము మాత్రము కావలెను. అది జ్వరము చూచుకొను ఉష్ణమాపకము కారాదు. దానిని మరుగు నీటిలో ముంచినచో పగిలిపోవును. ప్రయోగశాలలో వాడు ఉష్ణమాపకమునే ఉపయోగింపవలెను.

1. వేడి వేఱు, ఉష్ణోగ్రత వేఱు

మొట్టమొదట పిల్లలకు తెలుపవలసిన సంగతి యిది. వెలుగుచున్న అగ్గిపుల్లను, గోరువెచ్చని నీటితో నిండిన స్నానపు అండాను ఎదుట ఉంచుకొని, “ఈ రెండింటిలో దేనియందు వేడి ఎక్కువ?” అని అడుగుడు. పిల్లలు అగ్గిపుల్ల అనియే చెప్పుదురు. అగ్గిపుల్ల మంట మిక్కిలి తీవ్రమైనదే; వ్రేలికి తగిలినచో కాలును. కాని వంద అగ్గిపుల్లలు గీసినను అండాలోని నీరు కాగదు. మంట యొక్క తీవ్రతను తెలుపునది ఉష్ణోగ్రత. అండాలో నిండియున్నది వేడిమి యొక్క పరిమాణము. ఉష్ణోగ్రతను డిగ్రీలతో కొలుతుము. వేడి పరిమాణమును కెలోరీలతో కొలుచుట పూర్వపు పద్ధతి. ఒక గ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కించుటకు కావలసిన వేడిని ఒక కెలోరీ యందురు. నేటి పాఠ్యపుస్తకములలో జౌలు అను కొలత వాడబడుచున్నది. ఒక కెలోరీ సుమారు 4.18 జౌళ్లకు సమానము. ఇంటివద్ద లెక్క వేయుటకు కెలోరీయే సులువు గనుక ఇందు దానినే వాడుదును.

ఈ భేదమును స్పష్టముగా విడదీసి చూపినవాడు స్కాట్లండు దేశీయుడైన జోసెఫ్ బ్లాక్. ఇతడు 1760 ప్రాంతమున గ్లాస్గో విశ్వవిద్యాలయములో బోధించుచుండెను. బరువైన వస్తువు ఎక్కువ వేడిని పట్టుకొనునని అంతకు ముందు పలువురు తలంచిరి. కాని పాదరసము నీటికంటె పదమూడు రెట్లకు పైగా బరువైనదయ్యును, నీటికంటె త్వరగా వేడెక్కును, త్వరగా చల్లారును. దీనినిబట్టి బరువు మాత్రమే కారణము కాదనియు, ప్రతి పదార్థమునకు వేడిని ఇముడ్చుకొను శక్తి దానిదానికి ప్రత్యేకముగా నుండుననియు బ్లాక్ గ్రహించెను. ఆ ప్రత్యేక శక్తికే విశిష్టోష్ణమని పేరు.

2. ఎవరి కడుపు ఎంత?

ఒక్కొక్క గ్రాము పదార్థమును ఒక డిగ్రీ వేడెక్కించుటకు కావలసిన వేడి, కెలోరీలలో, ఇంచుమించుగా ఇట్లుండును:

నీరు – 1.00
వేరుసెనగ నూనె – 0.5
అల్యూమినియము, అనగా మన సత్తు గిన్నె – 0.22
గ్రానైటు రాయి, ఎండిన ఇసుక – 0.19
ఇనుము – 0.11
రాగి, ఇత్తడి – 0.09
సీసము – 0.03

ఈ పట్టికను కంఠస్థము చేయించుటకు ముందు ఈ పరీక్షను చేయించుడు. మరుగు నీటితో పని గనుక పెద్దలు దగ్గఱనుండి చేయవలెను. 200 గ్రాముల ఇనుప బోల్టులను దారముతో కట్టి, మరుగుచున్న నీటిలో పది నిమిషములుంచుడు. మన బాగేపల్లి ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నందున నీరు ఇచట 100 డిగ్రీల వద్ద గాక 97, 98 డిగ్రీల వద్దనే మరుగును; ఇదియు పిల్లలు ఉష్ణమాపకముతో స్వయముగా చూడదగినదే. వేఱొక గిన్నెలో 25 డిగ్రీల నీరు 200 గ్రాములు తీసికొని, బోల్టులను దారముతో పైకెత్తి వెంటనే దానిలో వేయుడు. నీటి ఉష్ణోగ్రత సుమారు 32 డిగ్రీలకు మాత్రమే పెరుగును. ఇప్పుడు బోల్టులకు బదులు అదే మరుగు నీటిని 200 గ్రాములు మఱియొక గిన్నెలోని 25 డిగ్రీల నీటిలో కలుపుడు. ఇది 61 డిగ్రీల వఱకు చేరును! గిన్నె కొంత వేడిని తీసికొనును గనుక చేతికి వచ్చు అంకెలు వీనికంటె కొంచెము తక్కువగా నుండవచ్చును. భేదము మాత్రము దాగదు. ఉష్ణోగ్రత ఒక్కటియే, బరువు ఒక్కటియే. కాని ఇనుము తెచ్చిన వేడి కొంచెము, నీరు తెచ్చిన వేడి మెండు. మూడవసారి 200 గ్రాముల గులకరాళ్లతో చేసినచో నీరు 36, 37 డిగ్రీలకు చేరును. ఒకే బరువున ఇనుముకంటె రాయి ఎక్కువ వేడిని మోయునని దీనివలన తెలియును.

ఇచట నొక జాగ్రత్త అవసరము. పై లెక్క బరువునుబట్టి వేసినది. పరిమాణమునుబట్టి చూచినచో కథ మాఱును. ఇనుము నీటికంటె దాదాపు ఎనిమిది రెట్లు బరువు గనుక, ఒక ఘన సెంటిమీటరు ఇనుము డిగ్రీ ఒక్కింటికి 0.86 కెలోరీలను, అంతే పరిమాణము గల గ్రానైటు సుమారు 0.5 కెలోరీలను గ్రహించును. దళసరి ఇనుప పెనము మీద దోసె పోసినను పెనము వెంటనే చల్లారక పోవుటకు ఇదియే హేతువు. పలుచని సత్తు పెనమున కట్టి నిలకడ లేదు. కాబట్టి వేడిని నిలుపుకొనుట అను గుణము పదార్థము యొక్క విశిష్టోష్ణముపైనను, దాని మందముపైనను, బరువుపైనను కూడ ఆధారపడి యున్నదని పిల్లలు గ్రహింపవలెను.

3. వేడి నడచు త్రోవ

డిసెంబరు మాసపు తెల్లవారుజామున వాకిట రాత్రియంతయు పడియున్న గడ్డపారను ఒక చేతను, దాని ప్రక్కనున్న కట్టెను ఒక చేతను పట్టుకొనుమని బిడ్డతో చెప్పుడు. గడ్డపార మంచువలె చల్లగాను, కట్టె అంత చల్లన లేకయు తోచును. “ఏది ఎక్కువ చల్లన?” అనగా గడ్డపారయే యనును. కాని ఉష్ణమాపకమును ఆనించి చూచినచో రెండింటి ఉష్ణోగ్రతయు ఒక్కటియే! మన చేయి ఉష్ణోగ్రతను కొలుచుట లేదు. చేతినుండి వేడి ఎంత వేగముగా తరలిపోవుచున్నదో దానిని మాత్రమే చెప్పుచున్నది. ఇనుము చేతి వేడిని వెంటనే లాగి తన యొడలంతయు పంచుకొనును. కట్టె అట్లు చేయలేదు. మిట్టమధ్యాహ్నము ఇదే గడ్డపార చేయి కాల్చును, కట్టె కాల్చదు. కారణ మొక్కటియే; వేడి నడచు దిక్కు మాత్రము మాఱినది.

చెక్కకంటె ఇనుము కొన్ని వందల రెట్లును, గ్రానైటు పదిరెట్లకు పైగాను వేడిని త్వరగా నడిపించును. కదలక నిలిచియున్న గాలి చెక్కకంటెను మందవాహకము. మన కుఱుబలు నేయు ఉన్ని కంబళి యొక్క మహిమ ఇదియే. కంబళి వేడిని పుట్టింపదు. దాని నూలు పోగుల నడుమ చిక్కుకొన్న గాలి మన యొంటి వేడిని బయటకు పోనీయదు. ఈ సంగతిని పిల్లలు నమ్మవలెనన్నచో రెండు మంచుగడ్డలు తెచ్చి, ఒకదానిని పళ్లెములో ఉంచి, రెండవదానిని కంబళిలో చుట్టి ఉంచుడు. కంబళి వేడి చేయునదే యైనచో అందలి మంచు ముందు కరుగవలెను. కాని అదియే చాలసేపు నిలుచును. ఈ పరీక్ష చూచినపుడు బాలుర ముఖములందు కనబడు ఆశ్చర్యము ఏ పుస్తకమును కలిగింపజాలదు.

రాయి వేడిని నెమ్మదిగా నడిపించుట అనునది మన ప్రాంతపు పనివారికి శాస్త్రగ్రంథములకంటె ముందే తెలియును. పందొమ్మిదవ శతాబ్దాంతమున బెంగుళూరు పరిసరములందలి రాతిగనులలో తుపాకిమందు లేకయే పెద్ద పలకలను లేపుచుండిరి. నేలబండ మీద కట్టెలతో సన్నని మంటవరుసను పెట్టి, దానిని మెల్లమెల్లగా ముందునకు జరుపుదురు. పనివాడు మంటకు ముందుభాగమున సుత్తితో తట్టి, ధ్వనినిబట్టి పైపొర అడుగు బండనుండి విడివడినదో లేదో కనిపెట్టును. విడివడగనే మంటను ఇంకొంచెము జరుపును. ఇట్లు సుమారు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, అర అడుగు మందము గల ఒకే పలకను లేపినట్లు ఆనాటి వర్ణనలు కలవు. ఇందలి రహస్య మేమి? గ్రానైటు వేడిని త్వరగా లోపలికి పంపదు. పైపొర కాగి వ్యాకోచించును; అడుగుపొర చల్లగా కదలక నుండును. పెరిగిన పొర, పెరుగని పొర కలిసి యుండలేక విడిపోవును. రాయి రాగివలె ఉత్తమవాహకమై యున్నచో వేడి అంతటను పరచుకొని, పొర లేచెడిది కాదు. రాళ్లు కొట్టి జీవించు వడ్డెరలలో పలువురి ఇంటిభాష తెలుగే. వారి సుత్తిదెబ్బలో ఒక భౌతికశాస్త్ర పాఠమే యున్నది.

4. ఎండను త్రాగు రంగు, త్రోసివేయు రంగు

వేడిని నిలుపుకొనుటకు ముందు గ్రహింపవలెను గదా. రెండు ఒకే తీరు డబ్బాలు తీసికొని, ఒకదానికి వెలుపల దీపపు మసి పూసి, రెండవదానికి సున్నము పూసి, సమముగా నీరు పోసి, మూతలు పెట్టి ఎండలో గంటసేపు ఉంచుడు. మసి పూసిన డబ్బాలోని నీరు ఎక్కువ వెచ్చబడును. నల్లని వస్తువు ఎండలోని కాంతిని గ్రహించును. తెల్లనిది అధికభాగమును తిప్పి పంపును.

మెఱయు రేకు కూడ కాంతిని తిప్పి పంపును గదా, మఱి అదేల కాలుచున్నదని తెలివిగల బిడ్డ అడుగవచ్చును. ఈ ప్రశ్నకు జవాబు తెలిసికొనదగినది. వేడెక్కిన ప్రతి వస్తువును కంటికి కనబడని కిరణముల రూపమున వేడిని విడిచిపెట్టును. సున్నపు పూత ఎండను తక్కువగా గ్రహించును. గ్రహించిన దానిని ఆకాశమునకు బాగుగా విడిచిపెట్టును. మెఱయు లోహము ఎండను కొంత తిప్పి పంపినను, గ్రహించిన కొంచెమును విడిచిపెట్టుటకు మిక్కిలి జాగుచేయును. ఆదాయము తక్కువయ్యును వ్యయము లేనందున నిలువ పెరిగినట్లు, దాని ఉష్ణోగ్రత పెరుగుచు పోవును. తుప్పుపట్టిన రేకు సంగతి చెప్పనక్కఱలేదు; అది ఎండను త్రాగుటలో నలుపునకు తీసిపోదు.

5. మిద్దెకును రేకులకును నడుమ

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు వత్తము. మూడంగుళముల మందము గల గ్రానైటు బండ, ఒక చదరపు మీటరు, సుమారు 200 కిలోగ్రాముల బరువుండును. దానిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు 38,000 కెలోరీలు కావలెను. అర మిల్లీమీటరు మందము గల ఇనుప రేకు, చదరపు మీటరు, సుమారు 4 కిలోగ్రాములు. దానికి 440 కెలోరీలు చాలును. అనగా బండ కడుపు రేకు కడుపుకంటె సుమారు 86 రెట్లు పెద్దది. మధ్యాహ్నపు ఎండ రేకు మీద పడగనే, మొదటి నిమిషమునందే అది పది డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. తాను నిలుపుకొనలేని ఆ వేడిని అది క్రిందనున్న మన తలలమీదికి విడుచును. సూర్యుడు గ్రుంకగనే అంతే వేగముగా చల్లారును.

బండమిద్దెకు మఱియొక బలమున్నది. అది బండ మీది మన్ను. కేవలము మూడంగుళముల బండయే కప్పైనచో వేడి రెండు గంటలలోపే అడుగునకు చేరును. నాలుగున్నర అంగుళముల సిమెంటు కాంక్రీటు కప్పులో సుమారు మూడు గంటలు పట్టును. కాని ఒక అడుగు మందము గల మట్టిపొరను దాటుటకు వేడికి ఇంచుమించు పది గంటలు పట్టును. మట్టి వేడిని నెమ్మదిగా నడిపించును; నడచు త్రోవలో పొరపొరయు తనకు కావలసిన భాగమును తీసికొని మిగిలినదానినే క్రిందికి పంపును. కావున పగటి రెండు గంటల ఎండ లోపలికి చేరువేళకు అర్ధరాత్రి కావచ్చును. అదియును చాలవఱకు పలుచబడి చేరును. ‘మిద్దె పగలు చల్లన, రాత్రి సెగ’ అని ఆ బాలిక చెప్పినది అక్షరాలా సత్యము. మన పెద్దలు వేసవిరాత్రులందు మిద్దెయెక్కి ఆకాశము క్రింద పడుకొనుటయు ఇందులకే. వానకాలమున కారుచున్నదని మిద్దె మీది మన్నును త్రవ్వివేసి బండలను విడిచిపెట్టినవారు, మఱు వేసవిలో ఇల్లు ఏల మాఱినదని వగచుట నేనెఱుగుదును. మన్ను బరువు మాత్రమే కాదు, నీడయు నగును. అయితే పాత గోడలు, దూలములు ఆ బరువును మోయగలవో లేవో తెలిసినవారిచే చూపించుకొనక పైన మన్ను పెంచరాదు.

కావున ఏ కప్పు మంచిదని అడిగినచో ఒక్కమాటలో చెప్పుట న్యాయము కాదు. పగటివేళ వాడు తరగతిగదికి నెమ్మదిగా వేడెక్కు కప్పు మేలు. రాత్రివేళ మాత్రమే పడుకొను గదికి త్వరగా చల్లారు కప్పు సుఖము. కాని రేకుల క్రింద పగలెల్ల కూర్చుండు పసివారు, వృద్ధులు, బాలింతలు నలిగిపోదురు. ఎండ వలని అలసట కేవలము అసౌకర్యము కాదు. అది ప్రాణముల మీదికి తెచ్చును. చల్లని ఊరని పేరుపొందిన బెంగుళూరునందే 2016 ఏప్రిలులో ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలకు చేరినది. దానికి ఉత్తరమున, అంతకంటె తక్కువ ఎత్తున నున్న మన సీమ సంగతి వేఱుగా చెప్పవలయునా?

ఖర్చు లేక చేయదగిన పనులు కొన్ని కలవు. కాంక్రీటు కప్పునకు, బండకప్పునకు ఉగాదికి ముందు సున్నము వేయవలెను. ధూళి పేరుకొన్నచో తెలుపు తగ్గును గనుక ఏటేట వేయవలెను. తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, ఎండను తిప్పి పంపు పూతలను ప్రోత్సహింపబూనినది. మన అవ్వలు సున్నపు కుంచెతో చేసిన పనియే నేడు రాష్ట్రవిధానమైనదన్న మాట. రేకుల ఇంటివారు రేకులకు తెల్లపూత వేయుటయే గాక, లోపల జానెడు ఎడముతో తడికలనో చాపలనో కట్టినచో, నడుమనున్న గాలి అడ్డుగా నిలుచును. వంటపొయ్యి దగ్గఱ మాత్రము అట్టివి కట్టరాదు. నిప్పు భయము కలదు. పడమటి గోడకు వేపయో కానుగయో నీడనిచ్చినచో, గోడ గ్రహింపవలసిన వేడి మొదటికే రాదు. తెల్లవారుజామున కిటికీలు తెఱచి, ఎండ ముదరగనే మూయుట మట్టిగోడల ఇండ్లకు మంచి అలవాటు. రాత్రి చల్లదనమును గోడలు పగటికి దాచిపెట్టును.

6. పట్టుపురుగుల గది

శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతములందు పట్టుపురుగులను పెంచు కుటుంబములకు ఈ పాఠము జీవనాధారమునకు సంబంధించినది. చాకీ దశయందు పురుగులకు 27, 28 డిగ్రీల వెచ్చదనమును, పెరిగిన దశయందు 24, 25 డిగ్రీల చల్లదనమును కావలెను. మనిషివలె పురుగు లేచి నీడకు పోజాలదు. రేకుల క్రింద పెంచిన పురుగు ఏప్రిలులో ఆకు మేయుట మానును. కష్టపడి పెంచిన పంట గూడు కట్టకయే చెడును. అందుచే తెలిసినవారు కప్పుమీద నీడ వేసి, కిటికీలకు తడిసిన గోనెపట్టాలు కట్టుదురు. పిల్లవానిని ఆ గదిలో మూడుచోట్ల ఉష్ణమాపకముంచి, గంటగంటకు అంకెలు వ్రాయుమనుడు. అతని లెక్కల పుస్తకము ఇంటికి ఉపకరించును. ఇల్లు అతని పాఠమునకు ఉపకరించును.

7. కుండ, దాలి, సంగటి

తడిగోనె చల్లదనమునకు కారణమే మంటికుండ చల్లదనమునకును కారణము. కుండ చెమర్చును, ఆ చెమ్మ ఆవిరియగుటకు ఒక్కొక్క గ్రామునకు సుమారు 580 కెలోరీల వేడి కావలెను. దానిని చాలభాగము కుండలోని నీటినుండియే తీసికొనును. పది లీటర్ల కుండనుండి నూఱు గ్రాముల నీరు ఆవిరియైనచో, మిగిలిన నీరు ఐదారు డిగ్రీలు చల్లబడగలదు. ఇట్లు ఉష్ణోగ్రత మాఱకయే స్థితి మాఱుటకు వ్యయమగు వేడికి గుప్తోష్ణమని పేరు. దీనిని కనుగొన్నవాడును ఆ జోసెఫ్ బ్లాకే. మన పొడిగాలిలో కుండ బాగుగా పనిచేయును. సముద్రతీరపు చెమ్మగాలిలో అంతగా పనిచేయదు. కుండకు రంగు పూసినచో చెమ్మరంధ్రములు మూసికొనిపోయి చల్లదనము పోవును.

దాలిలో పాలకుండ నుంచు అవ్వను పిల్లలకు చూపుడు. పిడకలు బూడిద క్రింద నెమ్మదిగా రగులుచుండును. బూడిద నిండ గాలి చిక్కుకొని యున్నందున అది వేడిని దాచు దుప్పటి వంటిది. పాలు పొంగక, మాడక, సాయంత్రము వఱకు కాగి ఎఱ్ఱబడును. ఇక రాగిసంగటి. అందు అధికభాగము నీరే గనుక వేడి సమృద్ధిగా ఇముడును. చారువలె లోపల కదలాడి చల్లారుటకు వీలులేదు. ముద్ద పైన చల్లారినను లోపల కాలుచునే యుండును. తొందరపడి మ్రింగిన బిడ్డ నాలుక కాల్చుకొనుటలో పదార్థవిజ్ఞానమంతయు నున్నది!

8. తల్లిదండ్రులకు మనవి

మన పిల్లలకు ఇంట తెలుగు, బడిలో కన్నడము, పైచదువునకు ఆంగ్లము. మూడు భాషల మధ్య పెరుగుట భారమని కొందఱు తలంతురు. అది భారమగునదియు, బలమగునదియు మన చేతిలోనే యున్నది. ‘ఉష్ణ’మను మాట కన్నడమునందును తెలుగునందును ఒక్కటియే; కన్నడమున ‘శాఖ’ మన్నను, ఆంగ్లమున ‘హీట్’ అన్నను, ఇంట ‘సెగ’, ‘కాక’, ‘వేడి’ అన్నను సూచించు వస్తువొక్కటియే. ఇంటిమాటతో విషయము మనసునకు పట్టిన బిడ్డ తక్కిన పేర్లను సులువుగా నేర్చును. విషయమే పట్టని బిడ్డకు మూడు భాషలలోను మిగులునది కంఠస్థమే. అల్పసంఖ్యాక భాషావర్గముల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధన లభించునట్లు చూడవలెనని 1956లో మన రాజ్యాంగమున 350ఎ అధికరణము చేర్చబడినది. అధికరణము బడికి తలుపు తెఱచును. ఇంటిలో మాటలాడవలసినవారము మనమే.

మన జిల్లాలోనే, గౌరీబిదనూరు తాలూకా హొసూరు గ్రామమున 1920లో పేదయింట జన్మించిన హెచ్. నరసింహయ్యగారు భౌతికశాస్త్రమున అమెరికాలో డాక్టరు పట్టము పొంది, 1972 మొదలు 1977 వఱకు బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా పనిచేసిరి. సామాన్యులకు విజ్ఞానమును చేర్చుటకై 1962లో బెంగుళూరు సైన్స్ ఫోరమును స్థాపించిరి. ఆ వంటి బిడ్డలు మిట్టేమరి మిద్దెల క్రిందను, రేకుల క్రిందను నేడును లేకపోలేదు. “ఎందుకట్లా?” అని అడిగిన బిడ్డను “ఊరకుండు” అని కసరకుడు. జవాబు తెలియనిచో “పద, చూతము” అనిన చాలును.

సెలవులలో చేయదగిన అభ్యాసములు

1. మీ ఇంటి కప్పు క్రింద ఉదయము 6, మధ్యాహ్నము 2, రాత్రి 10 గంటలకు ఉష్ణోగ్రతను వారము దినములు వ్రాయుము. బంధువుల ఇంట వేఱు కప్పు క్రిందను అట్లే వ్రాసి పోల్చుము.
2. రాగిచెంబు, మంటికుండ, సత్తుగిన్నెలలో సమముగా వేడినీరు పోసి, ఏది ముందు చల్లారునో ఊహించి, పిమ్మట కొలిచి చూడుము. ఊహ తప్పినచో కారణము వ్రాయుము.
3. గరిటెకు చెక్కపిడి యేల? పప్పుకుండ దింపుటకు మసిగుడ్డ యేల? ఆ గుడ్డ తడిసియున్నచో చేయి ఏల కాలును?
4. బావినీరు చలికాలమున వెచ్చగాను, వేసవిని చల్లగాను తోచుటకు కారణమేమి? నిజముగా నీరు మాఱుచున్నదా, మన చేయి మోసపోవుచున్నదా?

ఈ ప్రశ్నలకు జవాబులను జూన్ మాసమున బడి తెఱచిన దినమున పిల్లలు తీసికొని రావలెను. అంకెలు తప్పినను బాధలేదు. కొలిచి తెచ్చినవైనచో చాలును. ఆ బాలిక మాత్రము అప్పుడే మొదలుపెట్టినది. రాత్రి పది గంటలకు తన మిద్దె లోపలి బండ, బయటి గాలికంటె నాలుగు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా నున్నదని చీటీ మీద వ్రాసి తెచ్చినది. ఆ చీటీని నేను పట్టికలన్నిటికంటె పైన ఉంచుకొన్నాను.